నక్క చెప్పిన దిష్టిమందు

కొండ దిగువన ఒక కందిచేను. చేనిగట్టు పొడుగునా ఆముదం చెట్లు, వాటి మొదట్లో ముళ్ళకంప. ఆ కంపకి ఇవతల, పొదలో వరాలు కాపురం. వరాలంటే కుందేలు. ముగ్గురు పిల్లలు. కందిచేలో పుట్టింది కంది, పెసరచేలో పుట్టినవాడు పెసర, నువ్వుచేలో పుట్టిన ఆఖరిది నువ్వులు. పేర్ల కోసం వరాలు బుర్ర బద్దలు కొట్టుకునే రకం కాదు. పిల్లల మీద ప్రాణం పెట్టడం ఒక్కటే తెలుసు.

ఆ చేనికి పిలవకుండానే రోజూ వచ్చే చుట్టం ఒకడున్నాడు. జంబయ్య అనే నక్క. వయసు మీదపడి మోకాళ్ళు పట్టేశాయి గానీ, ఆకలి మాత్రం పడుచుగానే ఉంది. వాడు ఒక్క ఎండుటాకు మీద కాలు వేస్తే చాలు, అవతల ఎనిమిది చెవులు నిక్కపొడుచుకునేవి. కంప సందులోంచి ముక్కు పెట్టేసరికి పొద ఖాళీ. ఆర్నెల్లుగా ఒక్క కుందేలు బొచ్చయినా పంటికి తగల్లేదు.

"వీళ్ళ కాళ్ళతో నాకు పేచీ లేదు," అనుకున్నాడు జంబయ్య. "ఆ చెవులూ ఆ కళ్ళూ, అవే నా కడుపు కొడుతున్నాయి."

ఒకరోజు పొద్దున్నే వచ్చి, దాక్కోకుండా, అందరికీ కనబడేలా కంప అవతల కూర్చున్నాడు.

"వరాలమ్మా, పారిపోకు తల్లీ. కంప దాటి రాను. ఒక్క మాట చెప్పి పోతాను."

"అక్కణ్ణించే చెప్పు," అంది వరాలు, పిల్లల్ని వెనక్కి నెట్టి.

"చెప్పుకోడానికి సిగ్గుగా ఉందమ్మా. నీ పిల్లల్ని చూస్తే నా నోట్లో నీళ్ళూరుతున్నాయి. దాచడం ఎందుకు? ఆ చెవులేంటి, ఆ కళ్ళేంటి. నా దిష్టి ఎంత చెడ్డదో నాకు తెలుసు. మొన్న ఒక నెమలిపిల్లని చూసి ఎంత బాగుందో అనుకున్నాను. సాయంత్రానికి లేదు."

సాయంత్రానికి ఎందుకు లేదో, ఎవరి కడుపులో ఉందో వరాలు అడగాల్సింది. అడగలేదు. దిష్టి అన్న మాట చెవిన పడ్డాక మన తల్లులకి ఇంకో మాట వినబడదు కదా.

"అయ్యో, మరేం చెయ్యను?" అంది.

"కళ్ళకి దట్టంగా కాటుక పెట్టు. రెప్పల లోపలకంటా దిద్దు. చెవుల నిండా గోరువెచ్చటి ఆముదం పొయ్యి, రెండు పూటలా. చలీ దూరదు, దిష్టీ దూరదు. మీ అమ్మ నీకు పొయ్యలేదూ?"

"పోసింది."

"చూశావా. పెద్దవాళ్ళు ఊరికే చెయ్యరమ్మా. పై మంగళవారం ఇలా వచ్చి, దిష్టి పోయిందో లేదో దూరాన్నించే చూసి చెబుతాను."

వరాలు ఆలోచించకపోలేదు. దొంగ తనంతట తాను వచ్చి తలుపుకి గడియ పెట్టుకోమంటే అందులో మోసం ఏముంటుంది అనుకుంది. పైగా అమ్మ చేసిందే కదా, కొత్తదేం కాదు. కుక్క కళ్ళుగప్పి, చేని రైతు గుడిసెలో పొయ్యి దగ్గర్నించి మసి తెచ్చింది. ఆముదం గింజలు నలిపి నూనె తీసింది. గుడిసె వెనక పారేసిన పెద్ద మట్టి మూకుడొకటి పొద ముందుకి దొర్లించుకొచ్చి, అందులో మసీ నూనే కలిపి నిండుగా పెట్టింది. చెవుల్లోకి పైన తేరుకున్న నూనె, కళ్ళల్లోకి అడుగున దిగిన మసి. పనిమంతురాలే, కాదనను.

"అమ్మా, మంట," అంది కంది.

"మండితేనే పనిచేస్తున్నట్టు. కదలకు."

నాలుగు రోజులు తిరిగేసరికి కంది కళ్ళు పుసులు కట్టి, పొద్దున లేస్తే రెప్పలు విడిపడటం లేదు. పెసర ఆముదం చెట్టుని ఢీకొని, "చూసుకుని నడవండి," అని చెట్టుని కసిరాడు. అందరూ నవ్వారు. నువ్వులు నవ్వలేదు. దానికి అంతకుముందే జలుబు. ముక్కూ చెవీ దిబ్బడేసి ఉన్న పిల్ల చెవిలో రెండు పూటలా నూనె పోస్తే ఏమవుతుందో అదే అయింది.

"నువ్వులూ," అని పిలిస్తే పలకదు. "ఇలా రావే," అంటే రాదు. మూడుసార్లు పిలిచి వరాలు ఒళ్ళు మండిపోయి వెళ్ళి చెవి మెలేసింది.

"చిన్నదాన్ని కదాని నెత్తిన పెట్టుకుంటే ఎంత పొగరే నీకు? పిలిస్తే పలకవా?"

ఎందుకు మెలేసిందో ఆ పిల్లకి తెలియలేదు. అమ్మ నోరు కదులుతోంది, మాట మాత్రం రావడం లేదు. అమ్మకే ఏదో అయిందనుకుంది పాపం. ఏడుస్తూనే దగ్గరికి జరిగి అమ్మ మూతి నాకింది.

ఇదంతా చేనిగట్టున మేస్తున్న ఎద్దు లింగన్న చూస్తున్నాడు. పన్నెండేళ్ళుగా అదే చేను దున్నుతున్నవాడు. తొందరపడి నోరు విప్పడు, విప్పితే ఊరికే మూయడు. అతని వీపు మీద ఎప్పుడూ ఒక తెల్లకొంగ ఉంటుంది, పేరు కొంగమ్మ.

"వరాలూ, ఇలా రామ్మా," అన్నాడు లింగన్న. "పిల్లల్నీ తీసుకురా. చిన్నదాన్ని అటు తిప్పి కూర్చోబెట్టు."

వరాలు ఎందుకో తెలియకుండానే కూర్చోబెట్టింది. లింగన్న మెడ విదిలించాడు. గంట గణగణమంది. కంది, పెసర కాస్త ఆలస్యంగానైనా ఇటు తిరిగారు. నువ్వులు గడ్డిపరక నములుతూనే ఉంది. లింగన్న ఈసారి గంట మోగకుండా మెడ బిగబట్టి, ముందు గిట్టతో నేల మీద ఒక్కటి వేశాడు. నువ్వులు ఎగిరిపడి వెనక్కి చూసింది.

"చూశావా? గంట వినబడలేదు. నేల అదిరితే కాళ్ళకి తెలిసింది. అది పొగరు కాదమ్మా. ఆ పిల్లకి నువ్వు పిలిచినట్టే తెలియడం లేదు."

వరాలు అక్కడే చతికిలబడింది.

"నేను దాని చెవి మెలిపెట్టాను బాబాయ్," అంది.

కొంగమ్మ కిందికి దిగింది. ఎడ్ల చెవుల్లో పిడుదులు ఏరి ఏరి, మనుషుల్లో చెయ్యి తిరిగినట్టు ఆవిడకి ముక్కు తిరిగింది. నువ్వులు చెవి వెలుగుకి పెట్టి, ఒక కన్ను మూసి లోపలికి చూసింది.

"నూనె, దుమ్ము, జలుబు, మూడూ కలిసి ముద్దయి కూర్చున్నాయి. ఎర్రగా వాచింది కూడా. పుల్ల పెట్టి గెలికారా?"

"లేదక్కా."

"అదొక్కటీ చెయ్యలేదు, సంతోషం. ఇక చుక్క నూనె పొయ్యకు. రోజూ నాకు చూపించు, కొంచెం కొంచెం నేను తీస్తాను. పదిరోజులు పడుతుంది. కళ్ళల్లో మసి ఆపేసి, మంచినీళ్ళలో తడిపిన మెత్తటి ఆకుతో పైపైన తుడువు."

"మా అమ్మ మాకు పోసింది అక్కా. మాకేం కాలేదు."

"మీరెంతమంది పుట్టారు?"

"ఏడుగురం."

"ఎంతమంది మిగిలారు?"

వరాలు చెప్పాల్సిన పనీ లేదు, తనొక్కతే ఉంది కదా ఎదురుగా.

"ఇంతకీ ఇప్పుడు పొయ్యమని ఎవరన్నారు?" అన్నాడు లింగన్న.

"జంబయ్య. దిష్టి తగులుతుందన్నాడు. మంగళవారం చూడ్డానికి వస్తానన్నాడు."

లింగన్న నెమరు ఆపేశాడు. అతను నెమరు ఆపడం ఆ చేలో ఎవరూ చూసి ఎరగరు. "ఇవాళ ఆదివారం," అన్నాడు. "దిష్టి వాడి కంట్లో లేదు వరాలూ, వాడి కడుపులో ఉంది. చెవిటి పిల్లని పట్టుకోడానికి వాడి మోకాళ్ళు చాలు."

"ఈ పొద వదిలేసి పోతాం బాబాయ్."

"మీరు పోతారు. వాడు ఇదే మందు పట్టుకుని ఇంకో తల్లి దగ్గరికి పోతాడు."

ముగ్గురూ కూర్చుని ఆలోచించారు. మంగళవారానికి కందికీ పెసరకీ కళ్ళు తేటపడ్డాయి, చెవులు బాగానే వినబడుతున్నాయి. వాళ్ళిద్దరూ కళ్ళ కింద, బయట బుగ్గల మీద మాత్రం మసి పూసుకుని, ఏమీ వినబడనట్టు మూకుడు దగ్గర కూర్చోవాలి. జంబయ్య దగ్గరికొచ్చాక చెరోవైపు దూకాలి. లింగన్న కొమ్ములు పొద వెనక సిద్ధంగా ఉంటాయి. నువ్వులు లింగన్న కాళ్ళ మధ్య నుంచి కదలకూడదు. ఈ మాట దానికి కంది చెప్పింది, పెసర చెప్పాడు, వరాలు రెండుసార్లు చెప్పింది. ఎంత తెలివైనవాళ్ళో చూడండి. వినబడని పిల్లకి ముగ్గురూ నోటితో చెప్పి ఊరుకున్నారు.

జంబయ్య వచ్చాడు. కంప అవతలే నిలబడి మెల్లగా పిలిచాడు.

"కందీ."

కంది కదల్లేదు.

"పెసరా, నీ తోక మీద తేలు పాకుతోందిరా."

పెసర తోక వణికింది. కంది వాడి కాలు గట్టిగా తొక్కింది. వాడు కిక్కురుమనలేదు.

జంబయ్య మొహం విప్పారింది. కంప సందులోంచి లోపలికి దూరాడు. ఎవరికీ వినబడదన్న ధైర్యం వచ్చాక ఇక నోటికి అడ్డేముంది? పైకే మాట్లాడుకున్నాడు. "మా తాత ముత్తాతలు పరిగెత్తి పరిగెత్తి చచ్చారు గానీ, ఇంత సులువు దారి ఒక్కడికీ తట్టలేదు. తల్లి చేతే పిల్లల కళ్ళూ చెవులూ మూయించాలి. ముందు ఈ రెండూ. రేపు వాగు దగ్గర జింకపిల్లల తల్లికి చెబుతాను ఈ దిష్టిమందు."

పొద వెనక నిలబడిన వరాలు ప్రతి మాటా వింది. చెవి మెలేసింది నేను, తినబోయేది వీడు, నా బిడ్డ ఏం పాపం చేసిందని అనుకుంది.

సరిగ్గా అప్పుడే నువ్వులు లింగన్న కాళ్ళ మధ్య నుంచి బయటికొచ్చింది. ఒక ఎర్రటి ఆరుద్ర పురుగు నడుస్తుంటే దాని వెనకే నడుస్తూ వచ్చి, మూకుడు అంచు పక్కన జంబయ్యకి వీపు పెట్టి కూర్చుంది.

జంబయ్య కందిని వదిలేశాడు, పెసరని వదిలేశాడు. చిన్నది ఇంకా లేతగా ఉంటుంది కదా. నడుం వంచి నేలకి కరుచుకున్నాడు.

"నువ్వులూ," అని అరిచింది వరాలు. "నువ్వులూ, వెనక. నువ్వులూ."

పిల్ల పురుగుని చూస్తోంది.

జంబయ్య కాళ్ళు నేల విడిచాయి. అప్పుడు తట్టింది వరాలుకి. నోరు మూసుకుంది. రెండు వెనక్కాళ్ళూ ఎత్తి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి నేల మీద దబ్బుమని కొట్టింది.

అమ్మ పిలుపు నువ్వులు అరికాళ్ళకి అందింది. కుందేలు జాతి ముందు దూకి తర్వాత చూస్తుంది. అది పక్కకి దూకింది. జంబయ్యకి ఎదురుగా మూకుడు మిగిలింది. అందులో వాడి తల మునిగింది.

పైకి లేచేసరికి కళ్ళనిండా కాటుక, రెప్పల లోపలకంటా. చెవులనిండా ఆముదం, రెండింటికీ సమానంగా. "మంట, మంట," అంటూ గిరగిరా తిరిగాడు.

"మండితేనే పనిచేస్తున్నట్టు," అంది కంది.

లింగన్న మెడ విదిలించి గంట మోగించాడు. గుడిసె దగ్గరి కుక్క మొరుగుతూ వచ్చింది. అందరూ విన్నారు, జంబయ్య తప్ప. అది వచ్చి తోక పట్టుకునేదాకా వాడికి తెలియలేదు. తోకలో సగం దాని నోట్లో వదిలేసి, దారి కనబడక ముళ్ళకంపలో మూడుసార్లు పడి, నాలుగోసారి బయటపడ్డాడు. ఇప్పటికీ ఎవరైనా ఎదురుపడి బాగున్నావా అంటే, "ఆఁ? ఏంటీ?" అంటాడు. జింకపిల్లల తల్లికి మందు చెప్పడానికి వెళ్ళాడు గానీ, ఆవిడ అడిగిన దానికీ ఇతను చెప్పిన దానికీ పొంతన లేక ఆవిడ తలుపేసుకుంది.

వరాలు మూకుడు పగలగొట్టేసింది. రోజూ పొద్దున్నే నువ్వుల్ని కొంగమ్మ దగ్గరికి తీసుకెళ్ళేది. పిలవాల్సి వచ్చినప్పుడు కాలితో నేల తట్టేది, పిల్ల తిరిగి చూశాక మాట్లాడేది. కంది, పెసర కూడా అలాగే నేర్చుకున్నారు. ఒక్కసారీ విసుక్కోలేదు. ఆరోరోజు కొంగమ్మ వాపు ఇంకా తగ్గలేదంటే ఆ పూట వరాలుకి మేత సహించలేదు.

పదకొండో రోజు పొద్దున నువ్వులు ఎండలో పడుకుని ఉంది. వరాలు వెనక నిలబడింది. ఇవాళ కాలితో తట్టలేదు. భయపడుతూ భయపడుతూ, తన గొంతు తనకే వినబడనంత మెల్లగా అంది.

"నువ్వులూ."

పిల్ల ఒక చెవి పైకి లేచింది. తర్వాత రెండోది.

"అబ్బ, అంత గట్టిగా అరుస్తావేంటమ్మా," అంది నువ్వులు. "నాకేమన్నా చెవుడా?"

వరాలు దాన్ని ఒళ్ళోకి లాక్కుని, తను మెలిపెట్టిన చెవినే ముద్దు పెట్టుకుంది.

నీతి: పిలిస్తే పలకని పిల్లని తిట్టేముందు, ఆ పిల్లకి వినబడుతోందో లేదో చూడాలి.