మూత పెట్టిన నిప్పు

కొండ మీద ఒక గుడి, కొండ కింద ఒక ఊరు. ఆ గుడిలో ఏడాది పొడుగునా ఆరని నిప్పు ఉండేది.

క్రీస్తు పుట్టిన పండక్కి ముందు ఆగమన కాలం మొదలయ్యే ఆదివారం నాడు ఊళ్ళో పొయ్యిలన్నీ చల్లార్చేవారు. గుడి అయ్యగారు ఒక కుండలో నిప్పులు పోసి ఒక మనిషి చేతికిచ్చేవారు. ఆ మనిషి ఇంటింటికీ వెళ్ళి, "సంతోషం తెచ్చానమ్మా" అనేది. ఇంటివాళ్ళు, "రా తల్లీ, ఆయన కోసమే చూస్తున్నాం" అని ఎండుగడ్డి చుట్ట అంటించుకుని పొయ్యి రాజేసుకునేవారు. ఊళ్ళో అగ్గిపెట్టెలు లేక కాదు. ఆ రోజు పొయ్యి అగ్గిపుల్లతో వెలిగించకూడదు, అంతే.

నిప్పు మోసే మనిషి పేరు దీనమ్మ. కుండ ఎత్తుకుందంటే ఆమె నడకే మారిపోయేది. ఎదురొచ్చినవాళ్ళు దారి ఇచ్చేవారు. సంఘపెద్ద ఇంట్లో ఆమెకి కుర్చీ వేసేవారు.

కొండ దిగి వస్తే మొట్టమొదట ఒక ఇల్లు తగులుతుంది. ఊరు మాత్రం దాన్ని చివరిల్లు అనేది. విషజ్వరాలు వచ్చిన ఏడు, జ్వరం ముందుగా ఆ ఇంట్లోకే వచ్చింది. ఆ ఇల్లాలి భర్తనీ పిల్లల్నీ తీసుకుపోయి, ఆమెనొక్కదాన్నీ వదిలేసింది. ఆ తర్వాత ఆమె గుడికొచ్చి చాప మీద కూర్చోబోతే, చీర చెరగు దగ్గరికి లాక్కుని ముందుగా లేచింది దీనమ్మే. మిగతావాళ్ళు దీనమ్మని చూసి లేచారు. ఆమె మళ్ళీ గుడికి రాలేదు. ఊరు ఆమెని పేరు పెట్టి పిలవడం మానేసింది. ఏటా దీనమ్మ ఆ ఇంటి ముందుకు రాగానే ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, పరుగులాంటి నడకతో దాటేసేది.

ఆ ఏడు చలి ఎక్కువగా ఉంది. దీనమ్మ ఎప్పటిలాగే చివరిల్లు దాటి పొలాల గట్టు మీదికొచ్చింది. అక్కడ వరి కోస్తున్నవాళ్ళు కొడవళ్ళు పక్కన పెట్టి లేచారు.

"అమ్మా, వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. కాస్త మూత తీస్తే చేతులు కాచుకుంటాం" అందొక ముసలామె.

"ఇది చేతులు కాచుకునే నిప్పా? ఊళ్ళోకి వెళ్ళందే తియ్యకూడదు" అంది దీనమ్మ.

అలాంటి నియమం ఏదీ లేదు. అయ్యగారు ఎన్నడూ చెప్పలేదు. సంఘపెద్ద ఇంటి వాకిట్లో అందరూ చూస్తుండగా మూత తీయాలని ఆమె కోరిక. ఈసారి గాలికి నిప్పులు త్వరగా కాలి బూడిదైపోతాయేమోనని తడిగుడ్డ ఒకటి మూత చుట్టూ బిగించింది కూడా. గాలాడని నిప్పు బతకదని వంట చేసే ఎవరికైనా తెలుసు. దీనమ్మకీ తెలుసు. ఆ సంగతి ఆ పూట ఆమెకి తట్టలేదు.

సంఘపెద్ద వాకిట్లో కుర్చీ వేసి ఉంది. ఆయన భార్య గడ్డిచుట్ట పట్టుకుని నిలబడింది. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు మూగారు. దీనమ్మ మూత కొద్దిగా ఎత్తి లోపలికి చూసింది.

నల్లగా ఉంది. ఆమె గభాలున మూత మూసేసింది.

"ఏమయింది దీనమ్మా?"

"ఏం లేదమ్మగారూ. ఈసారి ముందు చిన్న ఇళ్ళకి ఇచ్చొస్తాను. మీకు ఆఖర్న ఇస్తాను."

"చూశారా, ఎంత మంచి మనసో!" అంది పెద్దావిడ. అందరూ అవునవునన్నారు. దీనమ్మ చెవులు కాలిపోయాయి.

చిన్న ఇళ్ళ దగ్గరికి వెళ్ళి, "పెద్దవాళ్ళకి ఇవ్వకుండా మీకెలా ఇవ్వను? మళ్ళీ వస్తాను" అంది. వాళ్ళు నమ్మారు. ఒక తల్లి చలికి వణుకుతున్న పసిబిడ్డని ఎత్తుకుని, "త్వరగా రా తల్లీ, వీడికి పాలు కాచాలి" అంది. దీనమ్మ తల ఊపి, ఆ బిడ్డ వంక చూడకుండా ముందుకి కదిలింది.

గడ్డివాము చాటున నిలబడి ఆలోచించింది. తిరిగి కొండెక్కితే ఊరంతా చూస్తుంది. ఇంటికెళ్ళి అగ్గిపుల్ల గీస్తే ఎవరికీ తెలియదు. అప్పుడు వాకిట్లో నిలబడి "సంతోషం తెచ్చానమ్మా" అనాలి. ఆ మాట ఒక్కసారి మెల్లగా అనుకుని చూసింది. నోరు పెగల్లేదు.

తలెత్తితే ఊరవతల సన్నగా పొగ కనబడింది. పొయ్యిలన్నీ చల్లారిన ఊళ్ళో ఆ ఒక్కచోటే పొగ. అది చివరిల్లు.

ఆ గుమ్మం ముందు దీనమ్మ చాలాసేపు నిలబడింది. ఎలా పిలవాలో తెలియలేదు. చివరికి పేరు గుర్తు తెచ్చుకుంది.

"రాహేలూ."

పెరట్లో దాలిగుంట దగ్గర పిడక సర్దుతున్న మనిషి తలెత్తింది. "దీనమ్మక్కా! లోపలికి రా, అలా నిలబడ్డావేం?"

"నా కుండలో నిప్పు లేదు."

రాహేలు నవ్వలేదు. "బయట గాలి అలా ఉంది మరి. ముందు చేతులు కాచుకో" అంది.

దాలిగుంట పక్కన కూర్చున్న దీనమ్మకి ఆ మాటకి ఏడుపొచ్చింది. "గాలి తప్పు కాదు. మూత బిగించింది నేను. ఊళ్ళో అబద్ధాలు చెప్పొచ్చాను. నీ దాలిలో నిప్పు కాస్త పెట్టు. ఇది గుడి నిప్పు కాదని అందరికీ నేనే చెప్పుకుంటాను."

"గుడి నిప్పు కాకపోవడమేంటక్కా? ఇది నువ్విచ్చిందేగా!"

దీనమ్మకి అర్థం కాలేదు.

"పోయినేడు నువ్విటు పోతుంటే కుండలోంచి ఒక నిప్పుకణిక రాలింది. కొబ్బరిచిప్పలో ఎత్తుకొచ్చి దాలిలో వేశాను. అప్పట్నించీ ఆరనివ్వలేదు. వానాకాలమంతా కుంపట్లో పెట్టుకుని మంచం పక్కన దాచాను. ఇవాళ పొయ్యిలు చల్లార్చాలని తెలుసు. చెయ్యి రాలేదు."

"ఎందుకింత చేశావు?"

"నువ్వు కావాలనే జారవిడిచావని. ఊరి ముందు ఇవ్వలేక, ఎవరూ చూడకుండా వదిలి వెళ్ళావని. అక్కకి నా మీద అసహ్యం పోయిందనుకున్నాను. పిల్లలు పోయాక నేను నవ్వింది ఆ రోజే."

ఊఁ అంటే సరిపోయేది. రాహేలు ముఖం అంత ఆశగా ఉంది. దీనమ్మ ఆ ముఖంలోకి చూడలేక దాలిగుంటలోకి చూసింది. పైన బూడిద కప్పుకుని కిందంతా ఎర్రగా ఉంది.

"లేదు రాహేలూ," అంది. "నీ గాలి సోకుతుందని పరుగెత్తాను. కుండ అదిరి మూత జరిగి ఉంటుంది. రాలిందని కూడా నాకు తెలియదు."

రాహేలు చేతిలో పిడక అలాగే ఉండిపోయింది. దీనమ్మ వెళ్ళిపోదామని లేవబోయింది.

"అయితే ఇచ్చింది నువ్వు కాదు," అంది రాహేలు. "ఇచ్చినాయన మాత్రం ఉన్నాడు." దీనమ్మ చేతిలోంచి కుండ తీసుకుని, బూడిద దులిపి, పట్టకారుతో ఒక్కొక్క కణికా పేర్చింది.

"నువ్వూ రా," అంది దీనమ్మ.

"నన్ను రానిస్తారా?"

"తెలియదు."

ఇద్దరూ ఊళ్ళోకి నడిచారు. కుండకి మూత లేదు. సంఘపెద్ద వాకిట్లో దీనమ్మ నిలబడి, "ఇందాక చెప్పింది అబద్ధం. నా నిప్పు ఆరిపోయింది. ఇది రాహేలునడిగి తెచ్చుకున్న సంతోషం" అంది.

పెద్దావిడ గడ్డిచుట్ట వెనక్కి తీసుకుంది. తలుపు పడింది. ఆ వీధిలో మరికొన్ని తలుపులూ పడ్డాయి. ఇందాకటి పసిబిడ్డ తల్లి మాత్రం ఎదురొచ్చి గడ్డిచుట్ట అంటించుకుంది. "మీరు లోపలికొచ్చి కూర్చోండమ్మా, పాలు కాగుతాయి" అంది రాహేలుతో. అలా అక్కడొక ఇల్లు, ఇక్కడొక ఇల్లు. తీసుకున్న ఇళ్ళ కంటే తీసుకోని ఇళ్ళే ఎక్కువ.

పొద్దువాలే వేళకి దీనమ్మ తన ఇంటికొచ్చింది. భర్త గుమ్మంలో అడ్డంగా నిలబడి ఉన్నాడు. కోడలు ఆయన వెనకాల ఉంది.

"ఆ ఇంటి నిప్పు మన పొయ్యిలోకా? ఆ మనిషి మన గడప తొక్కుతుందా?" అన్నాడాయన.

ఆయనకి సొంతంగా అలాంటి మాటలు రావు. ఇంటిల్లిపాదికీ ఆ మాటలు నేర్పింది దీనమ్మే. ఇన్నేళ్ళూ తను ఇంకొకరి గుమ్మానికి వేసిన గడియ ఎలా ఉంటుందో ఇప్పుడు తన ఇంటి గుమ్మంలో నిలబడి చూసింది. ఆయన్ని ఏమనడానికీ ఆమెకి ముఖం చెల్లలేదు.

తలుపు మూసుకుంది. లోపల గడియ పడింది.

దీనమ్మ అరుగు మీద కుండ దించి, దాని పక్కన కూర్చుంది. రాహేలు కాస్త ఎడంగా నిలబడింది.

"మా ఇంటికొచ్చి పడుకోక, ఇక్కడెందుకక్కా?"

"వాళ్ళకీ సంతోషం కావాలిగా. తీసేదాకా ఉంటాను."

"చలి. ఎప్పుడు తీస్తారో ఏమో. నాకైతే అలవాటు. నువ్వెలా కూర్చుంటావు?"

దీనమ్మ తల వంచుకుని చెప్పింది. "నాకు ఎదురుచూడటం రాదు రాహేలూ. ఏటా గుడిలో ఆయన కోసం చూస్తున్నానని పాడాను గాని, ఎప్పుడూ చూడలేదు. నువ్వు నేర్పు."

రాహేలు వచ్చి ఆమె పక్కన కూర్చుంది. "ముందు నిప్పు మీద బూడిద పట్టనివ్వకూడదు," అంది. వంగి మెల్లగా ఊది, కుండ దీనమ్మ వైపు జరిపింది. దీనమ్మ ఊదింది. మళ్ళీ రాహేలు.

తలుపు అవతల ఎవరో వచ్చి నిలబడి, వాళ్ళ ఊపిరి వింటున్నారు.