ఎసరుకు ముందు తీసిన పిడికెడు

పెదలంకపాలెం పంచాయతీ ప్రెసిడెంటు సలోమి పని తెలిసిన మనిషే గాని, ఎదుటివాళ్లు మొహం చిట్లిస్తే చాలు, నీరుగారిపోయేది. క్రైస్తవుల పేట నుంచి ఆ కుర్చీ ఎక్కిన మొదటి ఆడమనిషి ఆమె. అందుకని చిట్లించే మొహాలకు ఊళ్లో కొదవ లేదు.

ఆ వేసవిలో అయిదు రోజుల్లో కాలువకు నీళ్లు కట్టేస్తారని కబురొచ్చింది. ఈలోగా మంచినీళ్ల చెరువు నింపుకోకపోతే రెండు నెలలు ఊరంతా గుక్కెడు నీళ్లకు అల్లాడాల్సిందే. చూస్తే, చెరువులోకి నీళ్లు తెచ్చే బోదె నిండా గుర్రపుడెక్క పేరుకుపోయి ఉంది. సలోమి మీటింగు పెట్టింది. పదిమంది మెంబర్లలో ఇద్దరే వచ్చారు. ఉప సర్పంచి వెంకటరత్నం గుమ్మం దగ్గరే ఆగి, "పేటవాళ్లు పిలిస్తే పరిగెత్తుకొచ్చే రోజులు ఇంకా రాలేదు సలోమీ," అనేసి వెళ్లిపోయాడు. సలోమి ఇంటికొచ్చి రాజీనామా రాసి, మడిచి బైబిల్లో పెట్టింది.

ఆ పేటలో ఒక ఆచారం ఉంది. అన్నం వండే ప్రతిసారీ బియ్యం ఎసరులో పొయ్యకముందే ఒక పిడికెడు తీసి, తమ ప్రార్థన గుడి కోసం వేరే కుండలో వేస్తారు. గుడిలో బైబిలు వాక్యం చెప్పే రాహేలమ్మ వారానికోసారి ఇంటింటికీ వచ్చి ఆ బియ్యం పట్టుకెళ్తుంది. మర్నాడు పొద్దున్నే ఆమె సలోమి ఇంటికి వచ్చి కుండలో చెయ్యి పెట్టింది. చేతికి అడుగు తగిలింది.

"ఏమే, ఈ వారం పొయ్యి వెలిగించలేదా?"

"వెలిగించాను పెద్దమ్మా. మనసు బాగాలేక తియ్యలేదు. ప్రార్థనా మానేశాను. అన్నీ చక్కబడ్డాక మొదలుపెడదామని..." అంటూ సలోమి రాజీనామా కాగితం చూపించింది.

రాహేలమ్మ దాన్ని చదవలేదు. "మన గుడికి పైకప్పు పడింది మీ అమ్మా నేనూ కూలి గింజల్లో తీసిన పిడికిళ్లతోనే. కడుపు నిండాక తీద్దామనుకుని ఉంటే ఇప్పటికీ ఎండలో కూర్చునే పాడేవాళ్లం. మిగిలింది పూటకు సరిపోతుందో లేదో తెలీకుండానే తీశాం. దేవుణ్ణి నమ్మడమంటే అదేనే," అంది.

సలోమికి సిగ్గేసింది. ఆకలి రోజుల్లో అమ్మ తీసిన పిడికెడు, గాదె నిండుగా ఉండి కూడా తాను తియ్యలేకపోయింది. లేచి పిడికెడు బియ్యం కుండలో వేసి, కాసేపు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంది. తర్వాత రాజీనామా కాగితం వెనక్కి తిప్పి, బోదెలో దిగేవాళ్ల పేర్లు అని రాసి, మొదట తన పేరే రాసుకుంది. కొడవలి పట్టుకుని బయల్దేరింది.

మొదటి రోజు కాగితం మీద మూడు పేర్లే. మొహాలు చిట్లించేవాళ్లు గట్టు మీద నిలబడి చిట్లిస్తూనే ఉన్నారు. నడుం లోతు నీళ్లలో డెక్క కోస్తున్న సలోమికి అటు చూసే తీరిక లేకపోయింది. రెండో రోజు పేట ఆడవాళ్లంతా వచ్చారు. మూడో రోజు వెంకటరత్నం పంచె ఎగ్గట్టి గట్టు దిగాడు.

"నీళ్లు లేకపోతే మీ పెద్దరికం తాగి బతకమంటారా అంది మా ఆవిడ," అన్నాడు నేల చూపులు చూస్తూ. "ఎక్కణ్ణుంచి కొయ్యమంటారు, ప్రెసిడెంటు గారూ?"

సలోమి చెయ్యెత్తి చూపించింది.

కాలువకు నీళ్లు కట్టేసే వేళకు చెరువు ముప్పాతిక నిండింది. వానల దాకా సర్దుకోవచ్చు. ఆ కాగితం మళ్లీ బైబిల్లోకే చేరింది, ఈసారి పేర్లున్న వైపు పైకి పెట్టి.

అన్నీ చక్కబడ్డాక నమ్ముదామనుకుంటే ఏదీ చక్కబడదు. ఎసరుకు ముందు పిడికెడు తీసినట్టు, నమ్మకాన్ని ముందే తీసి పెట్టుకోవాలి.