కాకి ఈక వేసిన శబ్దాలు

ఒకప్పుడు జంతువులకీ పక్షులకీ గుసగుసలు తప్ప అరుపులు లేవు. చాడీలు చెప్పుకోవడానికి గుసగుస చాలు కాబట్టి ఎవరూ పెద్దగా బాధపడలేదు. దూరాన ఉన్నవాళ్లను పిలవాలంటేనే చిక్కు.

ఒక ఉదయం గాలి పిన్ని శబ్దాల మూట తెచ్చి చింతతోపులో దింపింది.

"తలా ఒకటి తీసుకోండి. మీ నోటికి సరిపోతుందో లేదో చూసుకుని మరీ తీసుకోండి" అంది.

చూసుకునే ఓపిక ఎవరికుంది? బస్సు సీటు మీద తువ్వాలు వేసినట్టు కాకి 'మ' మీద ఒక ఈక, 'బ' మీద ఒక ఈక వేసేసింది. కపిల ఆవు వచ్చేసరికి 'క' ఒక్కటే మిగిలింది. ఒంటి మీద ఈగలన్నిటినీ పలకరించనిదే ఆవిడ బయల్దేరదు మరి.

"కాకి వదినా, నీకు రెండెందుకమ్మా?"

"ఒకటి నాకు, ఒకటి మా చుట్టాలకి."

కాకి చుట్టాలెంతమందో మనకు తెలియంది కాదు.

మధ్యాహ్నం పెద్ద వాన. కపిల దూడ కనిపించలేదు. పిలుద్దామని కపిల 'క' అనబోయింది. దగ్గొచ్చింది.

"వదినా, నువ్వు పైనుంచి వెతుకు. కనిపిస్తే గట్టిగా కేకెయ్యి, వచ్చేస్తాను" అని బతిమాలింది.

కాకి ఎగిరింది. వాగు మధ్య రాతి మీద దూడ నిలబడి ఉంది. నీళ్లు మోకాళ్లదాకా వచ్చాయి. వెనక్కి వెళ్లి చెప్పే వ్యవధి లేదు.

కాకి 'మ' అనబోయింది. ముక్కు మూసుకుని "టక్" మంది. 'బ' అనబోయింది. మళ్లీ "టక్". మెత్తని పెదవులుంటేగా! నీళ్లు దూడ పొట్టకు తగిలాయి.

"ఇవిగో, రెండూ నువ్వే తీసుకో. నాకు పాతబడ్డాయి" అని కాకి శబ్దాలను దూడ నోట్లో పడేసింది.

దూడ పెదవులు గట్టిగా మూసింది. ఊపిరి నోటిలోంచి రాలేక ముక్కుపుటాల్లోంచి "మ్..." అని వచ్చింది. ఒక్కసారిగా పెదవులు విడిపోయాయి. "బా!"

"అంబా!"

కపిల వాగులోకి దూకింది. దూడను తలతో నెట్టుకుంటూ ఒడ్డుకు చేర్చింది. ఒళ్లంతా నాకి, అప్పుడు కాకి వైపు తిరిగింది.

"ఈ 'క' నువ్వుంచుకో వదినా. దీనికి పెదవులతో పనిలేదు, గొంతు దగ్గరే పుడుతుంది."

కాకి నోరు తెరిచింది. "కా!" తోపంతా ఉలిక్కిపడింది.

అప్పటినుంచే పెదవులున్న దూడ "అంబా" అంటుంది, పెదవుల్లేని కాకి "కా" అంటుంది. ఆ శబ్దాన్ని తనే ఏరికోరి తీసుకున్నానని గోడగోడకీ వాలి చెబుతుంది. నమ్మినట్టు తలాడించండి, పోయేదేముంది.