నాలుగు వేళ్ల నీరు

"సినిమాలోంచి కోసిన నిమిషం ముక్క ముందు వేయకపోతే అసలు సినిమా జోలికి ఎవరూ రారు. చూడకపోతే జనం దాని గురించి మాట్లాడుకోరు. వాళ్లు మాట్లాడుకోవాలనే కదా మాస్టారూ మనం తీసేది?" అని ఝాన్సీ అడిగింది.

గోవర్ధనం మాస్టారి దగ్గర పని నేర్చుకున్నవాళ్లందరికీ తెలుసు, ఆయన వాదించరు. శిష్యులు ఎంత గట్టిగా అడిగితే ఆయన అంత నిదానిస్తారు. చాలాకాలం కాలేజీలో పాఠాలు చెప్పి, మానేశాక కాకినాడలో ఒక బట్టల కొట్టు మేడ మీద రెండు గదులు అద్దెకు తీసుకుని, ఇంటర్నెట్లో చూసేవాళ్ల కోసం డాక్యుమెంటరీలు తీయడం మొదలుపెట్టారు. ఊళ్ల మధ్య తగాదాలు, ఊళ్లలో తగాదాలు ఆయన విషయం. చానెల్‌కు ‘నలుగురి మాట’ అని పేరు పెట్టుకున్నారు. ఒకడి మాట ఇంకొకడు చివరిదాకా వింటే సగం తగాదా అక్కడే తీరిపోతుందని ఆయన నమ్మకం.

ఝాన్సీ తీసిన సినిమా ఒక మారుమూల బడి గురించి. పిల్లలు తగ్గిపోయారని ఆ బడిని మూసేయబోతున్నారు. అందులో పెద్ద పంతులమ్మ కెమెరా ముందు కూర్చుని, "రాని పిల్లలకు కూడా హాజరు వేస్తున్నాను" అంది. ఎందుకు వేస్తోందో కూడా చెప్పింది, కానీ అది ఇరవై రెండో నిమిషంలో ఉంది. ఝాన్సీ కోసిన చిన్న ముక్క ఆ మొదటి మాట దగ్గరే ఆగిపోతుంది. సాయంత్రం ఆరింటికి దాన్ని చానెల్లో వేయడానికి సిద్ధం చేసి, మాస్టారికి చూపించి, "అబద్ధం ఏమీ లేదు. ఆవిడ అన్న మాటే. మిగతాది సినిమాలో ఉంది కదా" అంది.

ఆ చివరి మాటకు మాస్టారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఏడేళ్ల కిందట ఇదే గదిలో ఇదే మాట ఆయన తనకు తాను చెప్పుకున్నారు. ఆమెను కూర్చోమని, ఇంతకాలం శిష్యుల్లో ఎవరికీ చెప్పని పోలయ్య సంగతి చెప్పడం మొదలుపెట్టారు.

పోలయ్య ఒక పంట కాలువ మీద లస్కరు. తూము తలుపులు ఎత్తి దించే ఉద్యోగం. ఆ తూముకు పైన మెరకపాలెం, కింద పల్లంలంక. మెరకపాలేనికి వరి చేలున్నాయి. పల్లంలంకకు చేపల చెరువులూ, ఊరంతా తాగే ఒక మంచినీళ్ల చెరువూ ఉన్నాయి. దాళ్వా, అంటే రెండో పంట, చివర నీళ్లు తగ్గి వంతులు పెట్టినప్పుడల్లా రెండు ఊళ్లకూ పేచీ వచ్చేది. మా వంతు నీళ్లు వాళ్లు చేపలకు పోసుకుంటున్నారని పైవాళ్లు, గుక్కెడు నీళ్లకు మమ్మల్ని దేవిరించేలా చేస్తున్నారని కిందివాళ్లు. అంత పేచీ ఉన్నా, తెల్లారేసరికి రెండు ఊళ్ల పెద్దలూ తూము గట్టు మీదికే వచ్చి కూర్చునేవారు. చుట్టలు కాల్చుకుంటూ పోలయ్య ముందే తిట్టుకునేవారు. పోలయ్య ఎవరి పక్షమూ మాట్లాడేవాడు కాదు. మధ్యలో ఒకరి గేదె ఈనిందా అనో, ఇంకొకరి మోకాలు నొప్పి తగ్గిందా అనో అడిగేవాడు. ఎండెక్కేసరికి ఏదో ఒక ఒప్పందం కుదిరి ఎవరి దారిన వాళ్లు పోయేవారు. అలా ఇరవై ఆరేళ్లు గడిచింది.

మాస్టారు తొమ్మిది రోజులు ఆ గట్టు మీద కెమెరా పెట్టి కూర్చున్నారు. ఎనిమిదో రోజున పోలయ్య తనంతట తానే ఒక మాట చెప్పాడు. "వంతు కాని రోజున నాలుగు వేళ్ల మందం తలుపెత్తిన మాట నిజవేనండి. కింద మంచినీళ్ల చెరువు నిండకపోతే ఎండల్లో వాళ్లేం తాగుతారండి? పైఊరోళ్లకీ తెలుసు, తెలీనట్టుంటారు. అదాళ్ల మంచితనవండి."

ఆ మాట విన్న మాస్టారు సినిమాకు ఇదే ప్రాణం అనుకున్నారు. సినిమాలో ఆ నాలుగు వాక్యాలూ ఒక్క అక్షరం పోకుండా ఉంచారు. కానీ జనాన్ని రప్పించడానికి వేసిన చిన్న ముక్కలో మొదటి వాక్యమే ఉంచారు. ఆ కోత ఇంకెవరికీ అప్పగించలేదు, తన చేత్తోనే కోశారు. ఎక్కడ ఆపితే చూసేవాడు ఉలిక్కిపడతాడో వెతికి మరీ అక్కడ ఆపారు.

రెండు రోజుల్లో మూడు లక్షల మంది చూశారు. నాలుగు వేల కామెంట్లు వచ్చాయి. పోలయ్యను దొంగ అన్నవాళ్లు కొందరు, రైతును ముంచేది ఇలాంటివాళ్లేనని పద్యాలు కట్టినవాళ్లు కొందరు, నీటి చట్టాల మీద పేజీలకు పేజీలు రాసినవాళ్లు కొందరు. వాటిలో తెలివైనవీ చాలానే ఉన్నాయి. సినిమా మొత్తం చూసినవాళ్లు తొమ్మిది వేలు దాటలేదు. ఆ తేడా మాస్టారు గమనించకపోలేదు. అయినా చర్చ మొదలైంది, అది చాలనుకున్నారు. ఆ వారమంతా నేల మీద నడవలేదని ఆయనే ఒప్పుకున్నారు.

ముక్క వేసిన పదో రోజున మంచి కామెంట్లు ఏరి, కాగితాల మీద అచ్చు వేయించి, పోలయ్యకు చదివి వినిపిద్దామని బయల్దేరారు. అతని ఒక్క మాట నుంచి ఎంత ఆలోచన పుట్టిందో చూపిస్తే సంతోషిస్తాడనుకున్నారు. తూము దగ్గర బస్సు దిగేసరికి గట్టు మీద మనిషి లేడు. తలుపు తిప్పే చక్రానికి గొలుసు చుట్టి తాళం వేసి ఉంది. ఎవరో ఆ ముక్కను పైఅధికారులకు పంపించారట. విచారణ తేలేదాకా పోలయ్యను పనిలోకి రావద్దన్నారట. తాళంచెవి ఆఫీసులోనే ఉంచుకుని, వంతు రోజున ఎవరినో పంపి తలుపు ఎత్తిస్తున్నారట. ఇదంతా టీ దుకాణం మనిషి తలెత్తకుండా చెప్పాడు.

పోలయ్య ఇంటి ముందు కూర్చుని కొబ్బరి ఈనెలు చీరుతున్నాడు. మాస్టారిని చూసి లేచి, నులకమంచం వాల్చి, బొండం కొట్టించి ఇచ్చాడు. ఒక్క నిష్ఠూరం ఆడలేదు. అదే మాస్టారికి కష్టమైంది. ఏం మాట్లాడాలో తోచక, చేతిలో ఉన్నాయి కాబట్టి కాగితాలు తీసి చదవడం మొదలుపెట్టారు. పోలయ్య చేతిపని ఆపి, పురాణం వింటున్నట్టు శ్రద్ధగా విన్నాడు. ఏ ఊరి నుంచి రాశారని మధ్యమధ్య అడిగాడు. హైదరాబాదు, బెంగుళూరు, దుబాయి అని మాస్టారు చెబుతూ పోయారు. అంతా విన్నాక పోలయ్య మెల్లగా అడిగాడు.

"ఇంతమంది మాట్లాడారు కదా సారూ, ఇందులో మా కాలవ నీళ్లు తాగేవోళ్లు ఎవరన్నా ఉన్నారాండి?"

మాస్టారు కాగితాలు తిరగేశారు. ముందు నుంచి వెనక్కీ, వెనక నుంచి ముందుకూ వెతికారు. ఒక్కరూ లేరు. రెండు ఊళ్లలోనూ ఇంటింటా ఫోనుంది. అందరూ చూశారు. ఎవరూ నోరు విప్పలేదు.

అప్పుడాయన తప్పు దిద్దుకోవాలని తొందరపడ్డారు. మిగిలిన మూడు వాక్యాలూ చేర్చి మళ్లీ వేస్తాను, ఈ రాత్రికే వేస్తాను, పైఊరివాళ్లకు ముందునుంచీ తెలుసునని లోకానికి తెలిస్తే నిన్ను దొంగ అనేవాడుండడని చెప్పారు.

"వద్దు సారూ," అన్నాడు పోలయ్య. "సూర్రావు గారు నిన్న నన్ను చూసి తల తిప్పుకుని పోయేరండి. ఇరవయ్యేళ్లు తెలిసీ తెలీనట్టున్న మనిషి. ఇప్పుడు మీరది కూడా చెప్పేస్తే, ఆయన ఇంక ఎటు తిప్పుకుంటాడండి తల?"

సూర్రావు మెరకపాలెం పెద్ద. గట్టు మీద పోలయ్య పక్కన రోజూ కూర్చున్నవాడు. ఇంత జరిగాక ఆయన తెలుసునంటే సొంత ఊరివాళ్లే నిలదీస్తారు. తెలియదంటే పోలయ్య దొంగ అవుతాడు. పాపం ఆయన ఏదీ అనలేక ఊరుకున్నాడు. మాస్టారు సూర్రావుతో మాట్లాడతానన్నా పోలయ్య ఒప్పుకోలేదు. మీరు మాట్లాడినకొద్దీ అది పెద్దదవుతోందని మాత్రం నసుగుతూ అన్నాడు.

తరువాత జరిగింది మాస్టారు క్లుప్తంగానే చెప్పారు. కామెంట్లు చదివి చదివి రోషం వచ్చిన మెరకపాలెం కుర్రాళ్లు, వంతు కాని రోజున చుక్క నీరు కిందికి దిగకుండా, తామే వంతులేసుకుని తూముకు కాపలా కాశారు. ఎండాకాలానికి కాలువలు కట్టేసేలోగా పల్లంలంక చెరువు నిండలేదు. ఆ వైశాఖంలో అక్కడి ఆడవాళ్లు బిందెలతో ఊళ్లు దాటి నడిచారు. పాతికేళ్ల కిందట మెరకపాలెం నుంచి పల్లంలంకకు కాపురానికొచ్చిన ఒకావిడ, నీళ్ల కోసం పుట్టింటి గుమ్మం ఎక్కనని పంతం పట్టి, ఎండలో సొమ్మసిల్లి పడిపోయింది. బతికింది గానీ, పుట్టింటితో మాటలు పోయాయి. మాస్టారు చానెల్లోంచి సినిమా తీసేశారు, ముక్కా తీసేశారు. అప్పటికే ఎవరెవరో దాన్ని దించుకుని పెట్టుకున్నారు. ఏటా ఎండాకాలం రాగానే ఎవరో ఒకరు పైన కొత్త శీర్షిక తగిలించి మళ్లీ తిప్పుతారు. విచారణ తేలేసరికి పోలయ్యకు రిటైరయ్యే వయసొచ్చింది. అతను మళ్లీ తూము ఎక్కలేదు.

చెప్పడం అయిపోయాక ఝాన్సీ, "ఆయన్ని క్షమించమని అడిగారా మాస్టారూ?" అంది.

"అడిగాను. బొండంలో నీళ్లు మిగిల్చేశారేంటి, తాగండి అన్నాడు."

ఝాన్సీ తల దించుకుంది. కానీ ఆమెలోని ప్రశ్న చావలేదు. చావాలని మాస్టారూ కోరుకోలేదు. ఈ నెలాఖరుకు బడి మూసేస్తారని, ఎవరూ చూడకపోతే ఎవరూ అడగరని, దాచిపెడితే ఆ పిల్లలకు అన్యాయం చేసినట్టే కదా అని ఆమె వాదించింది. మాస్టారు కాదనలేదు. ఆ మాటా నిజమేనన్నట్టు తల ఊపారు. పోలయ్య నోరు విప్పకపోయినా ఏదో ఒక ఏడు ఆ తూము దగ్గర గొడవ జరిగేదేమో అని ఆయన రాత్రుళ్లు తనకు తాను సర్దిచెప్పుకోబోయిన సందర్భాలున్నాయి. ఆ సర్దుబాటు ఏ రాత్రీ తెల్లారేదాకా నిలవలేదు.

"ఇప్పుడా ఊళ్లు రెండూ మాట్లాడుకుంటున్నాయా?" అని ఆమె మళ్లీ అడిగింది.

"మాట్లాడుకుంటున్నాయమ్మా. కోర్టులో, వకీళ్ల నోట."

ఝాన్సీ లేచి కంప్యూటరు దగ్గరికి వెళ్లింది. ఆరింటికి పెట్టిన ముక్కను తీసేసింది. కాసేపు ఆ పంతులమ్మ మొహాన్ని, మొదటి మాటకూ రెండో మాటకూ మధ్య ఆవిడ ఊపిరి తీసుకునే చోట నిలిపి, చూస్తూ కూర్చుంది. తరువాత ఇటు తిరిగి, ఆదివారం ఖాళీ చూసుకుని ఆ ఊరు వెళ్తాననీ, తీసినదంతా ముందు ఆవిడకు చూపిస్తాననీ, ఊళ్లో ఇంకెవరెవరితో మాట్లాడాలో ఆవిడనే అడుగుతాననీ చెప్పింది.

మాస్టారు కళ్లజోడు అందుకుని తుడుచుకోవడం మొదలుపెట్టారు. ఆమె వైపు చూడలేదు.

"నేను ముక్క వేశాక వెళ్లానమ్మా," అన్నారు. "నువ్వు రేపు పొద్దున మొదటి బస్సుకే వెళ్లు."