గుంటమగ్గం చీకటికి ఫోటో

లోకంలోని తెలివిని నాలుగు పాళ్ళు చేస్తే మూడు పాళ్ళు తమ ఇంట్లోనే ఉన్నాయనీ, మిగిలిన ఒక్క పాలుతో ఊరంతా సర్దుకుంటోందనీ సోమలింగం నమ్మకం. అన్న బుచ్చిలింగం నమ్మకం ఇంకా గట్టిది: ఆ నాలుగో పాలు కూడా తాము నిద్రపోతుంటే ఎవరో ఎత్తుకుపోయిందేనని.

వాళ్ళది నేతపని. పెరట్లో పెంకుల షెడ్డు, అందులో గుంటమగ్గం, పట్టపగలే చీకటి. ఆ గుంటలో కూర్చుని నేసీ నేసీ సోమలింగం భార్య చౌడమ్మకి కళ్ళు మసకబారాయి. ఎర్రదారం బదులు నల్లదారం పెట్టేస్తోంది. ఇంకొక్క చీర చెడితే మగ్గం పట్టుకుపోతామని నేతసంఘంవాళ్ళు చెప్పేశారు.

"కప్పులో రెండు గాజు పెంకులు పెట్టించవయ్యా, వెలుతురు పడుతుంది" అంది చౌడమ్మ.

సోమలింగం పిడికిలి బిగించాడు. "దున్నేవాడికి భూమి, నేసేవాడికి వెలుగు! కొనుక్కుంటే అది కొట్టువాడి దయ. మంజూరైతే మన హక్కు!"

అంతే, గాజు పెంకులు మంజూరు చెయ్యమని చేనేత ఆఫీసుకి అర్జీ పెట్టేశాడు. ఆఫీసరు జవాబు రాశాడు: 'షెడ్డులో చీకటి ఉన్నట్టు స్పష్టమైన ఫోటో తీసి ఉంచండి. గురువారం వచ్చి చూస్తాను.'

గురువారం పొద్దున్నే సోమలింగం పట్నం నుంచి అరచేతిలో పట్టే కెమెరా తెచ్చాడు. "మసక వెలుతురులో ఎలా తీస్తుందో చూసుకోండి, నచ్చకపోతే తిరిగిచ్చేయండి" అన్నాడట కొట్టువాడు.

షెడ్డులో నిలబడి నొక్కాడు. తళుక్కున మెరిసింది.

"వెలుతురొచ్చిందిరోయ్! పారిపోతుంది, తలుపు ముయ్యి!" అని అరిచాడు బుచ్చిలింగం. ఇంకేముంది, తలుపు మూశారు, కిటికీ మూశారు, ఎలుక కన్నంలో గుడ్డ కుక్కారు. ఉన్న కాస్త వెలుతురూ పోయింది.

"దొంగముండ, సందులోంచి జారుకుంది" అన్నాడు బుచ్చిలింగం.

ఫోటో చూస్తే మగ్గం ధగధగలాడుతోంది. సోమలింగానికి ఒళ్ళు మండింది. "చీకట్లో తీస్తే వెలుగు చూపిస్తుందా? ఇది ఉన్నవాళ్ళ పక్షం కెమెరా అన్నయ్యా!"

మెరుపు ఆపి మళ్ళీ తీశాడు. ఈసారి బొమ్మ మసి బట్ట.

"ఇదీ చీకటంటే!" అన్నాడు బుచ్చిలింగం.

"మరి నేనేదీ బావగారూ?" అంది చౌడమ్మ.

"నువ్వు చీకటి వెనకాల ఉన్నావమ్మా."

"అలా గుడ్డిగా ఒప్పుకోకూడదు" అన్నాడు సోమలింగం. "రంగు ఎండలో చూడాలి. చీరైనా అంతే, చీకటైనా అంతే." కెమెరా వాకిట్లోకి తెచ్చి, నడినెత్తి ఎండలో పట్టుకుని, మొదటి ఫోటో పెట్టి చూశాడు. ఎండ పడి తెర మీద ఏమీ కనిపించలేదు.

"అన్నయ్యా! ధగధగలాడిన బొమ్మ ఎండలోకి తెస్తే నల్లబడింది! చీకటి నాణ్యం ఎండలోనే తేలుతుంది!"

"అయితే షెడ్డు మొత్తాన్నీ ఎండలో పెట్టి తీద్దాం!"

షెడ్డు కదిలేది కాదు. ఇంకేముంది, నిచ్చెన వేసి పెంకులన్నీ దించేశారు. మగ్గం మీద ఎండ విరగ్గాసింది.

"ఏమయ్యోయ్! ఎర్రదారం కనబడుతోంది!" అని గుంటలోంచి కేక పెట్టింది చౌడమ్మ.

"ఉండవే, ముందు చీకటి పని చూడనీ!" అని ఫోటో తీశాడు సోమలింగం. ఎండలో తెర నిగనిగ నల్లగా ఉంది.

అంతలో ఆఫీసరు వచ్చాడు. గొడుగు నీడలో కెమెరా పెట్టి చూశాడు. "ఇందులో చీకటి ఏదయ్యా?"

"పెంకులతో పాటు దించేశామండి" అన్నాడు సోమలింగం.

"చీకటి నా కళ్ళతో చూస్తేగానీ సంతకం పెట్టను!"

అంతే. ఆయన్ని లోపల కూర్చోబెట్టి పెంకులన్నీ మళ్ళీ పేర్చారు. సందు సందుకీ గోనె కుక్కారు. తలుపు బయట గడియపెట్టారు.

"బాబూ, చీకటి చాలు! తలుపు తియ్యండి!"

"సంతకం పెట్టకముందే తీస్తే చీకటి పోతుందండి!"

"కాగితం కనబడటం లేదయ్యా! దీపం తెండి!"

"దీపం తెస్తే అసలుకే మోసం! తడుముకుని పెట్టండి!"

కాసేపటికి "పెట్టాను" అని ఏడుపుగొంతు వినిపించింది. తలుపు తియ్యగానే ఆఫీసరు ఒంటి చెప్పుతో పరుగెత్తాడు. తీరా చూస్తే సంతకం కాగితం మీద లేదు, మగ్గం మీద సగం నేసిన చీర మీద ఉంది.

"మరీ మంచిది. కాగితం చిరుగుతుంది, మన నేత చిరగదు" అన్నాడు బుచ్చిలింగం. సంతకం ఉన్నంతమేరా చీర కోసేశాడు.

"అయ్యో, చీర!" అంది చౌడమ్మ.

"చీర కాదే, ఉత్తర్వు!" అన్నాడు సోమలింగం.

గాజు పెంకుల కోసం కప్పెక్కి రెండు మట్టిపెంకులు తీశాడు. ఎండ సూటిగా చౌడమ్మ ఒళ్ళో పడింది. "ఏమయ్యా! ఇది ఎరుపు! ఇది నలుపు! చాలు, ఇంకేమీ వద్దు!"

"కళ్ళు ముయ్యవే! అది మంజూరు కాని వెలుతురు!" అని గద్దించి, సంతకం గుడ్డని ఆ కన్నం మీద ఒత్తుగా పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టాడు సోమలింగం.

లోపలంతా మళ్ళీ చీకటి.

"వచ్చిందా?" అని పైనుంచి అడిగాడు.

"రాలేదయ్యా!"

"వస్తుందిలే. సిరా ఇంకా ఆరలేదు!"