ఊయలలో అన్నదాత

సుల్తాన్‌కోట నవాబుగారికి లేకలేక కొడుకు పుట్టాడు. ఇక ఆయన కాళ్లు నేల మీద ఆనితే ఒట్టు!

"మావాడి పేరు రజాక్! ముందు అబ్దుల్ గిబ్దుల్ వద్దు. అబ్దుల్ అంటే దాసుడని కదా. నా కొడుకు ఎవడికీ దాసుడు కాడు" అన్నాడు.

ముసలి ఖాజీగారు గడ్డం నిమురుకున్నారు. "హుజూర్, రజాక్ అంటే అందరికీ తిండి పెట్టేవాడు. అది అల్లా పేరు. మనుషులు అబ్దుల్ చేర్చే పెట్టుకోవాలి. ఒట్టి పేరు నా నోట పలకను."

"రేపు పేరుపెట్టే అఖీఖా విందు. అప్పటికీ పలకకపోతే ఊరు విడిచి వెళ్లండి!"

"చిన్న హుజూర్‌కి ఆ పేరు కూడా చిన్నదే" అన్నాడు మీర్జా ఫసాహత్ బేగ్. నవాబు తుమ్మినా వహ్వా అనే రకం ఆయన.

నవాబుకు పాన్ చుట్టిచ్చే ఇమ్దాద్ మియాకి ఒళ్లు మండింది. తనకు అక్షరాలు దిద్దించింది ఆ ఖాజీగారే. అడ్డం చెబితే ఆయన వెనకే తనూ మూటాముల్లె సర్దుకోవాలి. అందుకని నేలదాకా వంగి సలాం కొట్టాడు.

"బ్రహ్మాండమైన పేరు హుజూర్! ఊరంతా దండోరా వేయిస్తాను."

నవాబు మీసం దువ్వుకుని సరేనన్నాడు.

మర్నాడు పొద్దున్నే గిన్నెలూ చిప్పలూ పట్టుకుని ఊరు ఊరంతా కోట వాకిట్లో దిగింది. బిడ్డను ఎత్తుకున్న దాయిని వెంటబెట్టుకుని నవాబు బయటికొచ్చాడు.

"ఏమిట్రా ఈ జాతర?"

"అందరికీ తిండి పెట్టేవాడు పుట్టాడని చాటించాను హుజూర్. తమరు పెట్టిన పేరే కదా! చిన్న హుజూర్ వడ్డిస్తే తిని పోతారట."

మీర్జా ఊరుకోలేదు. "ఎందుకు వడ్డించరూ? మా చిన్న హుజూర్‌కి ఒకరి దగ్గర చెయ్యి చాచే ఖర్మ లేదు!"

సరిగ్గా అప్పుడే చిన్న హుజూర్ గుక్కపట్టి ఏడుపు లంకించుకున్నాడు.

"ఆకలేస్తోంది వాడికి! పాలు పట్టవే!" నవాబు దాయిని కసిరాడు.

ఇమ్దాద్ చేతులు అడ్డం పెట్టాడు.

"ఆగు దాయీ! హుజూర్, లోకానికి తిండి పెట్టేవాడికి మనం పాలు పట్టడమా? ఆయన పరువేం కాను?"

బిడ్డ ఇంకా గట్టిగా అందుకున్నాడు. నవాబు మీర్జా వైపు చూశాడు. మీర్జా తన చెప్పుల వైపు చూసుకున్నాడు. చిప్ప పట్టుకున్న ఒక ముసలమ్మ కిసుక్కుమంది. అంతే, వాకిలంతా గొల్లుమంది. ఎర్రబడ్డ నవాబు మొహం కాసేపు బిగుసుకుంది, తర్వాత బొజ్జ కదిలింది.

"అబ్దుల్ రజాక్! ఖాజీగారిని పిలవండి! ముందు వాడికి పాలు పట్టండి!" అని పడీపడీ నవ్వుతూ తన శాలువా తీసి ఇమ్దాద్ మీద కప్పాడు.

బిర్యానీ గరిటె మాత్రం మీర్జా చేతికిచ్చాడు. "వచ్చినవాళ్లందరికీ వడ్డించు. చిన్న హుజూర్‌కి ఇంకా చేతకాదు."