పొట్టు డబ్బా

దేవుడి పేరు తలుచుకుంటూ కూర్చున్న దస్తగిరికి ఒకసారి, ఒకే ఒక్కసారి, ఒళ్లంతా వెలుగైపోయింది. ఎంతసేపలా ఉన్నాడో అతనికే తెలీదు.

పాపం, ఆ సంతోషాన్ని దాచుకోలేకపోయాడు. చాయ్ బండి దగ్గర చెప్పాడు. క్షవరం చేయించుకుంటూ చెప్పాడు. బస్సులో పక్క సీటాయనకి, కండక్టర్ టికెట్ కొట్టేలోపే చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ ఇంకాస్త అందంగా చెప్పాడు. నెల తిరిగేసరికి లోపల ఏమీ మిగల్లేదు.

మళ్లీ ఎంత కూర్చున్నా రాలేదు. భయపడిపోయి గురువు దగ్గర ఏడ్చాడు.

"యాడికి పోయింది బాబా అది? ఇంక రాదా?"

రహంతుల్లా బాబా ఉండేది కోత మిల్లు వెనక రేకుల గదిలో. మిల్లువాళ్లు పారబోసే రంపపు పొట్టే ఆయనకి వంటచెరకు. ఎండ పడితే సన్నటి పొట్టు గాలిలో తేలి, ఆ చోటంతా బంగారు మసకలా ఉండేది. టేకు వాసనకి కళ్లు వాటంతటవే మూతపడేవి.

బాబా లేచి, ఇనప డబ్బాలో పొట్టు దట్టించి, మూతపెట్టి, అంచులన్నీ బంకమట్టితో మెత్తారు. మూతలోంచి ఒక గొట్టం నీళ్లతొట్టిలో మునిగి బయటికి తేలింది; దాని కొస కింద ఒక సీసా పెట్టారు. డబ్బా కింద మంటపెట్టి, "చూస్తుండు నాయనా," అని నమాజుకి వెళ్లారు.

గొట్టం కొసన ఏమీ రాలేదు. దస్తగిరికి ఆగితేనా! లోపల ఏమవుతోందో చూద్దామని మట్టి గీకి మూత ఎత్తాడు. భగ్గుమంది. కనుబొమలు కాలాయి. సాయంత్రానికి పొట్టంతా బూడిదైంది.

బాబా వచ్చి బూడిదలో వేలుపెట్టి చూశారు.

"గాలి తగిలింది," అన్నారు.

మర్నాడు డబ్బాకి దస్తగిరే మట్టి మెత్తాడు. చేతులు ఊరుకోకపోతే వాటిమీదే కూర్చున్నాడు. మిల్లు రంపం జోలపాడినట్టు మోగుతోంది. చాలాసేపటికి గొట్టం కింది సీసాలో నల్లటి నూనె చుక్కలు పడ్డాయి. వెనకే తెల్లటి పొగ. బాబా దానికి అగ్గిపుల్ల చూపించారు. గొట్టం కొసన మంట నిలబడింది. దానిమీదే చాయ్ పెట్టారు.

దస్తగిరి ఎప్పుడు కళ్లు మూసుకున్నాడో తెలీదు. తెరిచేసరికి ముందున్న చాయ్ చల్లారిపోయింది.

"ఏమన్నా కనిపించిందా?" అని బాబా అడిగారు.

దస్తగిరి నోరు తెరిచాడు. ఎంత మంచి మాటలో, పెదాల దాకా వచ్చేశాయి. మంటకేసి చూశాడు. నోరు మూసుకున్నాడు.

బాబా తన చాపమీద కొంచెం పక్కకి జరిగి, అతనికి చోటిచ్చారు.